కలుపు పంట

ఫ్రిజ్ కింది అరలో
త్రీస్ నిద్రపోతోంది.
అట్టపెట్టె, తడిమట్టి, ఐదు డిగ్రీల చలికాలం.
వెన్న కోసం తలుపు తీసినప్పుడల్లా
నాకు తెలియకుండానే గొంతు తగ్గిస్తాను.

బయట రీగాలో ఫిబ్రవరి.
ట్రాము తీగల మీద మంచు.
కిటికీ గట్టున ఐదు ట్రేలు పరుచుకుని
డాండెలియన్ విత్తనాలు ఒక్కొక్కటే
గోటికొనతో మట్టిలోకి నొక్కుతున్నాను.

డబ్బిచ్చి కొన్నాను వీటిని.
అమ్మ ఉంటే పడీపడీ నవ్వేది.
సమష్టి క్షేత్రంలో, బీట్‌రూట్ సాళ్ళ వెంట
రోజుకిన్ని సాళ్ళని లెక్క.
కలుపు తీసి తీసి
రాత్రికి గరిటె పట్టుకోలేకపోయేది.
ఆమె పీకి గట్టున పారేసినవే ఇవన్నీ.
పియెనెనె, పాలు కారుతుందని ఆ పేరు.
త్సెల్‌తెకా, దారి వెంట పరుగెడుతుందని.
కలుపుకి నీళ్ళు పోసే కూతురు
ఆమె కడుపునే పుట్టాలా!

నాకు ఏడేళ్ళు. అన్న గ్విదోకి పది.
బజారు వెనక దుకాణంలో
మూడు రూబుళ్ళు లెక్కపెట్టి ఇచ్చాం.
ఎక్కడో కజఖ్ గడ్డినేలల నుంచి
బంగాళాదుంపల్లా పెట్టెల్లో పేర్చి తెచ్చిన తాబేళ్ళు,
అందులో ఒకటి.
త్రీస్ అంటే మూడు. ధరే పేరైంది.
ఆ రూబులు లేదు, ఆ దుకాణం లేదు,
పటంలో ఆ దేశమూ లేదు.
ఇది ఉంది.

ఏం తింటుందో మాకెవరూ చెప్పలేదు.
పాలలో నానేసిన రొట్టె పెట్టాం,
ఉడికిన దుంప పెట్టాం,
పండగపూట సాసేజి ముక్క కూడా.
పెట్టిందల్లా తినేది, పాపం.
తిని, రేడియేటర్ వెనక చీకట్లో దూరేది.
ముద్దు చేస్తున్నామనే అనుకున్నాం.

ఇప్పుడు దాని వీపున
పలకపలకకీ ఒక గుట్ట.
డాక్టరమ్మ వేలితో తడిమి చూపించింది,
చిన్నప్పటి తిండి ఇదంతా, అని.
అయితే ఇది నా మూడో తరగతి.
ఇది గ్విదో సైన్యానికి వెళ్ళిన ఏడు.
ఎంత ఆకు పెట్టినా
ఇక చదునవవట.

అయినా పెంచుతున్నాను.
బాల్కనీ నిండా మాలో, చికోరీ, తెల్ల క్లోవర్.
చేదంటే దానికి ప్రాణం.
కొన్న లెట్యూస్ ముందు పెడితే
వాసన చూసి తల లోపలికి లాక్కుంటుంది,
అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడు.

పోయిన మేలో ఒక పువ్వు
నా కన్నుగప్పి ముదిరింది.
దూదై లేచి
పై అంతస్తులో ఓయార్స్ జెరేనియం కుండీల్లో దిగింది.
మెట్ల మీద నిలదీశాడు.
"ఊరంతా పీకి పారేసేదాన్ని పెంచుతావా,
పైగా నా నెత్తిన?"
ఏమంటాను, ఉన్నమాటే.

ఆగస్టులో ఒక పొద్దున
బాల్కనీ ముందు గాలిలో ఊగుతూ ఒక సంచీ,
పురికొసకి వేలాడుతోంది.
లోపల డాండెలియన్లు, వేళ్ళతో సహా.
మట్టి దులిపి ఉంది. పండుటాకులు ఏరేసి ఉంది.
పైనుంచి గొంతు:
"నీ కలుపు నువ్వే తీసుకో."
సంచీ ఖాళీ కాగానే కొస సర్రున పైకి పోయింది.
మంచు పడేదాకా
ఏ గురువారమూ తప్పలేదు.

ఇందాక గ్విదో ఫోన్ చేశాడు.
ఎప్పుడూ ముందు అడిగేది అదే,
"ఇంకా ఉందా?"
నిద్రపోతోందన్నాను.
కాసేపు లైనులో గాలి చప్పుడు.
"ఆ సాసేజి పెట్టింది నేనే," అన్నాడు,
యాభై ఏళ్ళవాడు.
నేనూ పెట్టానురా అన్నాను.

పోయిన వారం చల్లిన ట్రేలో
మట్టి చిట్లింది.
సూదిమొనంత పచ్చ.
ఇంకో ఐదు వారాలు ఆగాలి
అది కళ్ళు తెరవడానికి, ఇది ఆకు కావడానికి.

ఫ్రిజ్ సన్నగా గురకపెడుతోంది.
ఇవాళ రొట్టె
వెన్న లేకుండానే తిన్నాను.